చేయి పెట్టే అవసరమే రాకూడదు
ఉత్తర అమెరికా మంచు ప్రాంతాల తెలుగు సంఘాల కార్యవర్గాలకు బహిరంగ లేఖ





వాకిలి మీది మంచును తీసే స్నో బ్లోయర్‌లో మంచు ఇరుక్కుపోవడం చాలావరకు నడిపే తీరును బట్టి ఉంటుంది. నడిపే తీరు నేర్పితే వచ్చేదే. నేర్పకపోతే ఏమవుతుందో ప్రతి చలికాలమూ ఆసుపత్రుల ఎమర్జెన్సీ గదుల్లో కనిపిస్తుంది. ఇరుక్కున్న మంచును చేత్తో తీయబోయి వేళ్లు పోగొట్టుకున్నవాళ్లు అక్కడికి వస్తూనే ఉన్నారు. ఎడిసన్‌లో, ట్రాయ్‌లో, నేపర్‌విల్‌లో, బోస్టన్ శివార్లలో, టొరాంటో చుట్టుపక్కల ఎన్నో తెలుగు కుటుంబాలు సొంత ఇళ్లు కొనుక్కున్నాయి. వాటిలో చాలా ఇళ్ల గరాజ్‌లలో ఈ యంత్రం ఉంది. దాన్ని నడపడం నేర్పుదామన్న మాట వచ్చినప్పుడు మాత్రం మీలో కొందరి దగ్గర వినిపించే జవాబు ఒకటే: మనది సాంస్కృతిక సంఘం, యంత్రంతో పాటు పుస్తకం ఇస్తారు, యూట్యూబ్ ఉండనే ఉంది. ఈ జవాబు ఒప్పుకోదగ్గది కాదు. ఎందుకు కాదో ఆ యంత్రం పనితీరులోనే ఉంది.

ఇళ్లలో వాడే స్నో బ్లోయర్లు ప్రధానంగా రెండు రకాలు. చిన్నదాంట్లో తిరిగే భాగం ఒక్కటే. దాని రబ్బరు పలకలు నేలను రాసుకుంటూ తిరిగి మంచును లాగుతాయి, అదే ఊపుతో గొట్టంలోంచి బయటికి విసురుతాయి. పెద్దదాంట్లో పని రెండు అంచెల్లో జరుగుతుంది. ముందువైపున్న ఆగర్ అనే ఇనుప మర నిమిషానికి సుమారు వంద చుట్లు తిరుగుతూ మంచును నలిపి మధ్యకు తోస్తుంది. దాని వెనక గుండ్రటి పెట్టెలో ఇంపెల్లర్ అనే రెక్కల చక్రం ఉంటుంది. అది నిమిషానికి వెయ్యి చుట్ల ప్రాంతంలో తిరుగుతూ, వచ్చిన మంచును వచ్చినట్టే గొట్టంలోకి కొడుతుంది. మంచు ఇరుక్కునేది ఎక్కువగా ఈ రెండో అంచెలోనే, అంటే ఇంపెల్లర్ పెట్టెలో గానీ గొట్టం మొదట్లో గానీ. నడిపే మనిషి కంటికి ఆ చోటు ఆనదు. మంచు బయటికి రావడం ఆగిపోయిందని మాత్రమే తెలుస్తుంది. లోపల ఏం తిరుగుతోందో, ఏం ఆగిందో హ్యాండిల్ దగ్గర నిలబడ్డవాళ్లకు తెలిసే వీలు లేదు. క్యూబెక్‌కు చెందిన ఆర్థర్ సికార్డ్ 1925లో తన స్నో బ్లోయర్‌ను తయారుచేశాడు. ఇన్ని దశాబ్దాల తర్వాత కూడా తడి మంచు ఎదురైతే ఏ కంపెనీ యంత్రమైనా తడబడుతుంది.

పొడి మంచుతో పెద్ద ఇబ్బంది లేదు. గట్టి చలిలో కురిసిన తాజా మంచు ఘనపు మీటరుకు 50 నుంచి 100 కిలోలు తూగుతుంది. ఉష్ణోగ్రత సున్నా డిగ్రీల సెల్సియస్ దగ్గర, అంటే 32 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర ఉన్నప్పుడు పేరుకున్న తడి మంచు 300 కిలోలకు చేరవచ్చు. రెండు కార్లు పట్టే డ్రైవ్‌వే 6 మీటర్ల వెడల్పు, 9 మీటర్ల పొడవు ఉందనుకుందాం. దానిమీద 20 సెంటీమీటర్ల మంచు పడితే దాదాపు 11 ఘనపు మీటర్లవుతుంది. పొడిదైతే మహా అయితే ఒక టన్ను. తడిదైతే మూడు టన్నుల పైన. కిటికీలోంచి చూస్తే రెండూ ఒకేలా తెల్లగా ఉంటాయి. వాతావరణ వార్తలు మంచు లోతును చెబుతాయి, యంత్రం మీద పడేదేమో బరువు.

ఆ బరువుకు అంటుకునే గుణం తోడవుతుంది. తడి మంచు పలుకుల మీద సన్నటి నీటి పొర ఉంటుంది. ఒత్తిడి తగిలితే పలుకులు ఒకదానికొకటి అతుక్కుని గడ్డ కడతాయి. ఆగర్, ఇంపెల్లర్ మంచును ఒత్తుతూ తోస్తాయి కాబట్టి, తడి మంచు లోపల ఒక్క క్షణం నిలిచినా ముద్ద అవుతుంది. పని మొదలుపెట్టే ముందు గ్లవ్ వేసుకున్న చేత్తో గుప్పెడు మంచు తీసి పిసికి చూడటం మంచి అలవాటు. వేళ్ల సందుల్లోంచి పిండిలా రాలిపోతే పొడి మంచు. బంతిలా నిలిస్తే తడి మంచు. పిసికినప్పుడు నీళ్లు కారితే అది మంచు, నీళ్లు కలిసిన బురద, యంత్రాన్ని అన్నిటికంటే ఎక్కువ మొరాయింపజేసేది అదే. ఈ పరీక్ష ఫలితాన్ని బట్టే నడక వేగం, వెడల్పు నిర్ణయించుకోవాలి.

మొదటి సూత్రం ఇంజన్‌ను పూర్తి థ్రాటిల్‌లో నడపడం. కొత్తవాళ్లు యంత్రం చేయి దాటిపోతుందేమోనన్న భయంతోనో, తెల్లవారుజామున ఆ చప్పుడు పొరుగువాళ్లకు ఇబ్బందనో థ్రాటిల్ సగానికి తగ్గిస్తారు. మర్యాద మంచిదే గానీ ఇక్కడ అది యంత్రాన్ని మూసేస్తుంది. ఇంపెల్లర్ వేగం ఇంజన్ వేగాన్ని పట్టి ఉంటుంది. రెక్క అంచు వేగం సగమైతే మంచు పడే దూరం దాదాపు నాలుగో వంతుకు పడిపోతుంది. 20 అడుగుల అవతల పడాల్సింది 5 అడుగుల్లోనే పడుతోందంటే గొట్టం దాటడానికే దానికి ఓపిక చాలడం లేదన్నమాట. ఆ తర్వాత వచ్చే మంచు ముందున్నదాన్ని కుక్కుతుంది. కొద్ది సెకన్లలో గొట్టం బిగుసుకుపోతుంది. పాతబడ్డ పెట్రోలుతో ఇంజన్ ఎగశ్వాస తీస్తున్నా, బెల్టు వదులై జారుతున్నా జరిగేది ఇదే. పెట్రోలు నెలకు మించి నిల్వ ఉంచేటట్టయితే స్టెబిలైజర్ కలపాలి. బెల్టును మంచు సీజన్‌కు ముందే చూపించుకోవాలి.

బండి ముందుకు నడిచే వేగం వేరు, ఇంజన్ వేగం వేరు. ఇంజన్ ఎప్పుడూ పూర్తి వేగంలోనే ఉండాలి, తగ్గించాల్సింది నడక. తడి మంచులో చక్రాలను అన్నిటికంటే తక్కువ గేరులో పెట్టి, యంత్రం మూతి వెడల్పులో సగమో, మూడో వంతో మాత్రమే మంచుకు ఆనేట్టు పోవాలి. చెవి ఇంజన్ మీద ఉండాలి. దాని గొంతు బొంగురుపోయిందంటే లోపలికి మోయలేనంత పోతోందని అర్థం. పెద్ద యంత్రాల హ్యాండిల్ మీద రెండు లీవర్లుంటాయి, ఒకటి చక్రాలకు, రెండోది ఆగర్‌కు. గొంతు మారగానే వదలాల్సింది చక్రాల లీవర్ ఒక్కటే. బండి ఆగుతుంది, ఇంపెల్లర్ మాత్రం లోపల ఉన్నదంతా విసిరేసి ఊపిరి పీల్చుకుంటుంది. కంగారులో రెండూ వదిలేస్తే లోపల మంచు నిండి ఉండగానే రెక్కలు ఆగిపోతాయి. ఆగిన చోటే మంచు గడ్డ కడుతుంది. మనిషికి ప్రమాదం ఉందనిపించినప్పుడు రెండూ వదలాల్సిందే, దానిలో రెండో మాట లేదు. మామూలు పనిలో మాత్రం ఏ లీవర్ ఎప్పుడు వదలాలో చేతికి అలవాటు కావాలి. ఆ అలవాటు పుస్తకం చదివితే వచ్చేదేనా?

గొట్టం కొసనుండే మూతను బాగా కిందికి వంచితే మంచు దానికి కొట్టుకుని వేగం కోల్పోతుంది. తడి మంచులో దాన్ని వీలైనంత పైకి ఎత్తి, గాలి వాలున విసరాలి. గొట్టం లోపలి గోడకు, ఆగర్‌కు, ఇంపెల్లర్ రెక్కలకు సిలికాన్ స్ప్రే గానీ వంటనూనె స్ప్రే గానీ కొడితే మంచు అంటుకోకుండా జారుతుంది. ఇంజన్ ఆగి, చల్లగా ఉన్నప్పుడు చేయాల్సిన పని అది. పెయింటు లేచిపోయి తుప్పు పట్టిన గొట్టం గరుకుగా ఉండి మంచును పట్టేస్తుంది. తుప్పు గీకించి మళ్లీ పెయింటు వేయిస్తే గొట్టం నునుపెక్కుతుంది. వెచ్చని గరాజ్‌లోంచి యంత్రాన్ని నేరుగా మంచులోకి దింపడం ఇంకో పొరపాటు. గోరువెచ్చని ఇనుము మీద పడ్డ మంచు కరిగి, మళ్లీ గడ్డకట్టి, తర్వాత వచ్చే మంచుకు పునాది అవుతుంది. కాసేపు బయట చల్లబడనిచ్చి మొదలుపెట్టాలి. ఇంజన్‌ను గరాజ్ లోపల నడిపి వేడెక్కించడం మాత్రం తలుపు తెరిచి ఉన్నా పనికిరాదు. కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోకి చేరుతుంది.

ఇంపెల్లర్ రెక్కలకు, దాని చుట్టూ ఉన్న పెట్టెకు మధ్య సందు ఉంటుంది. ఆ సందు పెద్దదైన పాత యంత్రాల్లో బురద మంచు గొట్టంలోకి పోకుండా వెనక్కి జారుతుంది. రెక్కల అంచులకు రబ్బరు పట్టీలు బిగించే కిట్లు దొరుకుతాయి. తడి మంచు ఎక్కువ కురిసే ఊళ్లలో ఆ ఖర్చు వృథా కాదు.

ఇక షియర్ పిన్ను. ఆగర్‌ను దాని ఇరుసుకు బిగించే మెత్తటి బోల్టు ఇది. రాయో కట్టెపేడో అడ్డుపడితే తాను విరిగి గేర్‌బాక్స్‌ను కాపాడుతుంది. ఒక పక్క పిన్ను విరిగితే ఆ పక్క ఆగర్ తిరగదు. మంచు ఆ మూల పోగుపడుతుంది. చూసేవాళ్లు గొట్టం మూసుకుందనుకుని అక్కడ కెలుకుతారు. కంపెనీ చెప్పిన పిన్ను దొరకలేదని హార్డ్‌వేర్ షాపులో దొరికిన గట్టి బోల్టు బిగిస్తే, తర్వాతి దెబ్బకు విరిగేది గేర్‌బాక్సే. రెండు మూడు పిన్నులు గరాజ్‌లో ముందే పెట్టుకోవాలి.

ఆ దెబ్బ తగిలేది ఎక్కువగా మంచు కింద దాగిన వస్తువుల వల్ల. ఉదయాన్నే డ్రైవ్‌వే మీద విసిరేసి వెళ్లిన దినపత్రిక వీటిలో పేరుమోసింది. ప్లాస్టిక్ సంచిలో చుట్టిన ఆ కాగితం తడిసి బరువెక్కుతుంది, ఆగర్‌కు, పెట్టెకు మధ్య దూరి చెక్కలా బిగుసుకుంటుంది. పిన్ను పుటుక్కుమంటుంది, యంత్రం నిలిచిపోతుంది. గుమ్మం ముందు పట్టా, క్రిస్మస్ దీపాల వైరు, తోటలో నీళ్ల పైపు, పిల్లల బొమ్మలు కూడా ఇంతే. మంచు కురుస్తుందని తెలిసిన రోజు సాయంత్రమే వాకిలంతా ఒకసారి నడిచి చూసుకోవాలి. కంకర వాకిలైతే యంత్రం అడుగున్న స్కిడ్ షూలను కిందికి దించి, యంత్రం మూతిని నేలనుంచి అంగుళం దాకా పైకి లేపాలి. రబ్బరు పలకలు నేలను తాకే చిన్న యంత్రాన్ని కంకర మీద అసలు వాడకూడదు.

కురవడం పూర్తిగా ఆగాక ఒకేసారి తీద్దామనుకోవడం పెద్ద మంచు రోజున పనికిరాదు. 15 సెంటీమీటర్లు పేరుకోగానే ఒక విడత తీసేస్తే రెండో విడత తేలికవుతుంది. 2014–15 చలికాలంలో బోస్టన్‌లో వంద అంగుళాలకు మించి మంచు కురిసింది. అలాంటి ఏడాది వచ్చిందంటే యంత్రం వారాల తరబడి పనిచేయాల్సి వస్తుంది. బోస్టన్ నగర నిబంధన ప్రకారం మంచు ఆగిన 3 గంటల్లో ఇంటి ముందు నడకదారి శుభ్రం చేయాలి. నిబంధన సబబే. ఆ గడువు, ఆఫీసు వేళ, స్కూలు బస్సు మూడూ కలిసి మనిషిని తొందరపెడతాయి. తొందరలో ఉన్న మనిషి ముందు గొట్టం మూసుకుపోయినప్పుడే చేయి లోపలికి పోతుంది.

అన్నిటికంటే కష్టమైన చోటు డ్రైవ్‌వే చివర. మంచు తోసే మున్సిపాలిటీ ప్లౌ వీధిని ఊడ్చుకుంటూ పోతూ అక్కడ ఒక గట్టు వదిలి వెళుతుంది. అందులో ఒత్తుకుపోయిన మంచు, రోడ్డు మీది ఉప్పు, ఇసుక, మంచు గడ్డలు అన్నీ ఉంటాయి. గడ్డకట్టక ముందే దాని పని పట్టాలి. యంత్రంతో గుద్దకూడదు. అంచునుంచి మూడో వంతు వెడల్పు చొప్పున కొరుకుతూ, నాలుగడుగులు వెనక్కి వచ్చి గొట్టం ఖాళీ అయ్యాక మళ్లీ వెళ్లాలి. గట్టు ఎత్తు యంత్రం మూతిని మించితే పైభాగాన్ని పారతో కిందికి లాగి తర్వాత తినిపించాలి. పని ముగిశాక ఇంజన్ వెంటనే ఆపేయకూడదు. ఒక నిమిషం ఆరుబయటే ఖాళీగా తిప్పితే లోపల మిగిలిన మంచు, నీళ్లు విసిరేయబడతాయి. లేకపోతే రాత్రికి అది గట్టి మంచుగడ్డ అవుతుంది. మర్నాడు యంత్రం మొదట్లోనే మొరాయిస్తుంది.

ఇంత జాగ్రత్త పడ్డా ఎప్పుడో ఒకసారి ఇరుక్కుంటుంది. అప్పుడు చేయాల్సిన పని వరుస మారకూడదు. రెండు లీవర్లూ వదలాలి. ఇంజన్ ఆపాలి. తాళంచెవి తీయాలి, స్పార్క్ ప్లగ్ వైరు పీకాలి, బ్యాటరీ యంత్రమైతే బ్యాటరీ బయటికి తీయాలి. తిరిగేవన్నీ పూర్తిగా నిలిచేదాకా ఆగాలి. ఆ తర్వాతే, యంత్రంతో పాటు వచ్చే పొడవాటి ప్లాస్టిక్ పారతో గానీ గట్టి కర్రతో గానీ ముద్దను తీయాలి. చేయి పెట్టకూడదు. ఇంజన్ ఆపాక కూడా పెట్టకూడదు. ఎందుకంటే ఆగర్‌ను, ఇంపెల్లర్‌ను బిగబట్టి ఉంచింది ఆ ముద్దే. అది వదలగానే లోపల నిలిచి ఉన్న బిగువు ఒక్కసారిగా విడుదలై రెక్క కొంతమేర తిరుగుతుంది. వేళ్లు పోవడానికి ఆ కొంత చాలు. స్నో బ్లోయర్ల వల్ల గాయపడి ఏటా వేలమంది ఎమర్జెన్సీ గదులకు వస్తున్నారని అమెరికా వినియోగ వస్తువుల భద్రతా సంస్థ హెచ్చరిస్తోంది. చేతి శస్త్రచికిత్స వైద్యులు ప్రతి శీతాకాలం ఇదే మాట చెబుతారు: తడిసిన బరువైన మంచు, మూసుకుపోయిన గొట్టం, దానిలోకి వెళ్లిన చేయి.

లీవరు వదిలితే 5 సెకన్లలోపు ఆగర్ ఆగిపోయేలా ఈ యంత్రాలను తయారుచేస్తారు. చేతులు నొప్పెడుతున్నాయని ఆ లీవరును తాడుతో కట్టేసేవాళ్లున్నారు. ఉన్న ఒక్క రక్షణనూ చేజేతులా తీసేయడమే అది. మెడలో వేలాడే మఫ్లరు, చున్నీ, శాలువా ఆగర్ దగ్గరికి రాకూడదు. కొడుకు ఆఫీసు కాల్‌లో ఉన్నాడని, చలికాలంలో ఇండియా నుంచి వచ్చిన తండ్రి శాలువా కప్పుకుని యంత్రం దగ్గరికి వెళ్లడం ఈ ఊళ్లలో అరుదైన దృశ్యం కాదు. ఆయనకు ఇంగ్లిష్ స్టిక్కర్ మీది హెచ్చరిక ఎంతవరకు ఉపయోగపడుతుంది?

కార్యవర్గ సభ్యులారా, పుస్తకం ఉంది కదా అన్న మాటకు ఇక్కడే జవాబుంది. అనకాపల్లి వైపు చెరకు గానుగ దగ్గర పెరిగిన పిల్లవాడికి రోలర్ల మధ్య చేయి పెట్టకూడదని ఏ పుస్తకమూ చెప్పలేదు. పక్కన నిలబడ్డ పెద్దవాళ్లు చెప్పారు, అవసరమైతే గద్దించారు. మిషిగన్‌లో పుట్టినవాళ్లకు స్నో బ్లోయర్ విషయంలో ఆ పెద్దరికం ఇంట్లోనే దొరుకుతుంది. తండ్రి నడుపుతుంటే చూస్తూ పెరుగుతారు. గుంటూరు నుంచో కరీంనగర్ నుంచో వచ్చి, అపార్ట్‌మెంట్లలో కొన్నేళ్లు గడిపి, ముప్పై అయిదేళ్ల వయసులో మొదటి ఇల్లు కొన్నవాళ్లకు ఆ పెద్దలెవరు? మీ సంఘాల్లో దశాబ్దాలుగా మంచు చూసిన సభ్యులున్నారు. ఏ మంచుకు ఏ గేరు వాడాలో వాళ్లకు చేత్తో తెలుసు. ఆ తెలివి వాళ్ల గరాజ్‌లలోనే ఉండిపోవాలా?

ఎవరికైనా ప్రమాదం జరిగితే విరాళాలు సేకరించడంలో, ఆసుపత్రికి మనుషులను పంపడంలో, ఇంటికి భోజనం చేర్చడంలో తెలుగు సంఘాలు ముందుంటాయి. అందుకు గౌరవం ఉంది. ప్రమాదం జరిగాక వచ్చే బాధ్యత మీదైనప్పుడు, జరగకముందు ఉండే బాధ్యత ఎవరిది? సంక్రాంతి సంబరాలు సరిగ్గా మంచు ముమ్మరంగా ఉండే జనవరిలోనే జరుగుతాయి. ఆ ఉదయం వాకిలి మీది మంచు తీసుకునే కదా జనం హాలుకు వస్తారు! ముగ్గుల పోటీకి, పాటల పోటీకి గంటలు కేటాయించగలిగిన సంఘంలో ఈ యంత్రం నడపడం నేర్పడానికి చోటు లేదనడం ఏ లెక్కన సబబు? ఇంటి పెద్ద చేతివేళ్లు సంస్కృతికి బయటి విషయమా?

నేర్పడానికి సరైన సమయం దీపావళి. చాలా ఊళ్లలో అప్పటికి పెద్ద మంచు ఇంకా మొదలుకాదు, కుటుంబాలు ఎలాగూ ఒకచోట చేరతాయి. ఈ ఏడాది ఆ వేడుకల్లో అరగంట కేటాయించండి. హాలు బయట పార్కింగ్ స్థలంలో ఒక యంత్రం పెట్టి, అనుభవమున్న సభ్యుడి చేత తెలుగులో చెప్పించండి. లీవర్లు ఏవో చూపించడం, షియర్ పిన్ను మార్చడం, ప్లగ్ వైరు పీకి పారతో గొట్టం శుభ్రం చేయడం, ఇవన్నీ హాజరైనవాళ్ల చేత స్వయంగా చేయించండి. తాత్కాలికంగా ఉండటానికి వచ్చిన తల్లిదండ్రులను కూడా పక్కన నిలబెట్టుకుని చూపించండి. కొత్తగా ఇల్లు కొన్నవాళ్లెవరో మీకు తెలుసు, వాళ్లను పేరుపేరునా పిలవండి.